మా ఊళ్లో ఆగని బస్సు

ఇప్పటికీ నర్సీపట్నం బస్టాండులో అడుగుపెట్టి, ఆ డీజిలు వాసన ముక్కుకి తగిలితే చాలు, నా చెయ్యి ఫోను మీదికి పోతుంది. టైమెంతైందో చూసుకోకుండా ఉండలేను.

రోలుగుంట దారిలో మా ఊరు. మా ఇంట్లోకి గడియారం కంటే ముందే టైము అనే మాట వచ్చింది. చెరకు దెబ్బతింటే టైము బాగోలేదు, తాతయ్య పోతే ఆయన టైమైపోయింది, అరుగు మీద పేకాట టైంపాసు. అసలు టైము మాత్రం బస్సుదే. పొద్దున్నే పట్నం వెళ్లే ఆ బస్సు మా ఊళ్లో ఏనాడూ ఆగిన పాపాన పోలేదు, అయినా దాని హారను వినపడితే అమ్మ పొయ్యి మీద అన్నం దించేది, తోటల్లో జీడిమామిడి పళ్లు చీకుతున్న పిల్లలం వగరెక్కిన మూతులు తుడుచుకుంటూ బడికి పరుగెత్తేవాళ్లం.

ఏడో తరగతి పరీక్షలు పట్నంలో పడ్డాయి. బస్సు వెళ్లగానే సైకిలెక్కితే సరిపోతుందని నాన్న లెక్క. అమ్మ తలకి నూనె రాసి, రెండు జడలు వేసి, పెరుగన్నం పెట్టింది. ఎండ వసారాలోకి వచ్చేసింది. నాకు కంగారు మొదలైంది.

"బస్సెల్లనేదు కదమ్మా, ఇంకా టైమవనేదు," అన్నాడు నాన్న, సైకిలు తుడుస్తూ.

బస్సు దారిలో చెడిపోయిందని పాలాయన వచ్చి చెప్పేదాకా మాకు తెలియలేదు. నాన్న తొక్కిన తొక్కుడుకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వెళ్లేసరికి గేటు వేసేశారు.

"ఇంట్లో వాచీ లేదేంటయ్యా?" అన్నారు అక్కడున్న మాస్టారు.

"బస్సెల్లనేదండి బాబూ," అన్నాడు నాన్న.

అందరూ గొల్లున నవ్వారు. ఊళ్లో తగువులొస్తే పెద్దమనిషిగా కూర్చునే నాన్న, చేతులు కట్టుకుని, "తప్పు నాదండి, పిల్లదేటి సేసింది, లోపలికి రానియ్యండి," అన్నాడు. రానిచ్చారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి, ఇది రాస్తుంటే ఇప్పుడూ కాలుతున్నాయి. ఆయన మొహం చూడకుండానే లోపలికి పోయాను.

పరీక్ష పాసయ్యాను. ఇప్పుడా బస్సు లేదు, అన్నీ ఆటోలే. జీడితోటల్లో సగం ప్లాట్లయిపోయాయి. నాన్న చేతికి నేను కొన్న వాచీ ఉంది. మొన్న మా అబ్బాయి, "తాతా, టైమెంతైంది?" అనడిగాడు.

నాన్న చెయ్యెత్తి వాచీ చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

"మీ అమ్మనడుగు బాబూ," అన్నాడు.