చిన్నత్త కోసం నాటిన గరిక

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు పెరిగిన గడ్డి గురించి చెప్పబోతున్నాను. దానికి ముందు ఒక హెచ్చరిక. నేను పెంచి చెప్పే మనిషిని. చీమ కుడితే తేలంటాను, జల్లు పడితే గోదావరి పొంగిందంటాను. నేను ఏం చెప్పినా అందులో ముప్పావు వంతు తీసేసి వినమని మా ఆవిడ కొత్త చుట్టాలకు ముందే చెప్పి పెడుతుంది. మీరూ అలాగే వినండి. కాకపోతే తీసేయాల్సిన ముక్క ఏదో చివర్లో నేనే చెబుతాను. అది మీరనుకునే చోట ఉండదు.

మాది దమ్మపేట దగ్గర ఒక పల్లె. ఊరు దాటితే మామిడి తోటలు, తోటలు దాటితే అడవి. మా తాతయ్య కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్న రైతు. ఆయనకు లోకంలో ఒక్కటే శత్రువు, గడ్డి. వరిలో తుంగ కనబడినా, మిరపలో గరిక కనబడినా మీసం దానంతట అదే లేచి నిలబడేది. గట్టు మీది గరిక పోచ ఒకటి ఆయన్ని చూసి, వేళ్ళతో సహా పక్క రైతు పొలంలోకి పారిపోవడం నేను కళ్ళారా చూశాను. అలాంటి మనిషి ఒక రోజు ఖమ్మం నుంచి బస్సు దిగి, ఇంటి ముందు గడ్డి పెంచబోతున్నానని ప్రకటించాడు.

కారణం మా చిన్నత్త. మా నాన్నకు ఆఖరి చెల్లెలు. అప్పటికింకా పెళ్ళి కాలేదు. ఆమె నవ్విందంటే రోడ్డు మీద సత్తుపల్లి బస్సు, ఎవరో ఆపమన్నారనుకుని ఆగిపోయేది. ఆ ఏడు ఎండాకాలంలో ఆమెకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోయింది కానీ, పోతూ పోతూ కాళ్ళలో బలం కూడా పట్టుకుపోయింది. మంచం మీంచి గుమ్మం దాకా రావాలన్నా నాయనమ్మ భుజం కావలసి వచ్చేది. ఖమ్మం డాక్టరు మందులు రాసి, రోజూ పొద్దున మెత్తటి గడ్డి మీద చెప్పుల్లేకుండా నడిపించమన్నాడు. కాళ్ళ జబ్బు కంటే పడిపోతానన్న భయమే ఎక్కువగా పట్టుకుందనీ, కింద మెత్తగా ఉంటే ఆ భయం వదులుతుందనీ చెప్పాడట. మా వాకిలేమో గులకరాళ్ళ నేల.

తెల్లారేసరికి తాతయ్య వాకిలి దున్నించాడు. కాలువ గట్టు మీది గరికను గంపలతో తెప్పించి, నాటు వేసే ఆడవాళ్ళను పిలిపించి, వరి నాటినట్టే వరసలు పట్టి నాటించాడు. అదే గరికను ఆయన పొలాల్లో పీకి పీకి నడుములు పడిపోయిన మనుషులు వాళ్ళు. నవ్వాపుకోలేకపోయారు.

"ఏంది పెద్దయ్యా గిది? పొలంల ఉంటే తిడ్తివి, వాకిట్ల నాటమంటివి!" అని ఒకామె అడిగింది.

"నాటమ్మా. నా కూతురు నడవాలి" అన్నాడు తాతయ్య. ఆ పైన ఎవరూ నవ్వలేదు. ఆమె కొంగు బిగించుకుని, మిగతా వరస వంచిన నడుము ఎత్తకుండా నాటింది.

కొత్తగూడెంలో ఎవరో ఆఫీసరు బంగళా ఖాళీ చేస్తున్నాడని విని, అక్కడి గడ్డి కోసే మిషను కొనుక్కొచ్చాడు. రెండు ఇనుప చక్రాలు, వాటి నడుమ మెలితిరిగిన కత్తులు, వెనక పొడుగాటి పిడి. దానికి పెట్రోలు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మనిషి తోస్తే కత్తులు తిరుగుతాయి, ఆగితే ఆగుతాయి. దాన్ని బస్సు టాపు మీదికి ఎక్కించడానికి అడవిలోంచి ఏనుగుల్ని పిలిపించారు. మా వాకిట్లో మొదటిసారి ఉత్తుత్తినే తోసి చూస్తే, ఆ చప్పుడుకు భద్రాచలం దగ్గర గోదావరి కాస్త అవతలికి జరిగింది.

వానలు పడ్డాయి. గరిక రాజాలా లేచింది. లేవదా మరి, పెంట ఎరువు వేశాడు, పైన యూరియా చల్లాడు. చీలమండ మునిగింది, పిక్క మునిగింది, మోకాలు అందుకుంది. చిన్నత్త వసారాలో మంచం మీద కూర్చుని రోజూ చూసేది. "నాన్నా, కోత ఎప్పుడు? కూలీలు దొరకరేమో, ఇప్పుడే చెప్పి పెట్టు" అని ఏడిపించేది. ఒకసారి ఏడిపించడం ఆపి, "ఇప్పుడే కాస్త కోసేయరాదూ, దిగుతాను" అని అడిగింది కూడా. తాతయ్య ఒక పోచ తెంపి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇంకా పచ్చిగా ఉందమ్మా. ముదరనీ. ఒక్కసారే కోస్తే నీకు పరుపులా ఉంటుంది."

జన్మంతా పంటలు తీసిన మనిషి. పండక ముందే పైరు మీద కత్తి పెట్టడం ఆయన దృష్టిలో పాపం. మిషను అమ్మినవాళ్ళు చెప్పలేదు, ఈయన అడగలేదు. ఆ కత్తులకు పొట్టి గడ్డే అందుతుంది. పెరగనివ్వకుండా ఎప్పటికప్పుడు కోస్తూ ఉండాలి తప్ప, దానికి పండటం అంటూ లేదు.

కోత రోజు మిషనుకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి తోశాడు. గడ్డి మర్యాదగా పక్కకు పడుకుంది. మిషను దాని మీంచి వెళ్ళిపోగానే, వెనకాల మళ్ళీ లేచి నిలబడింది. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగి చూసి, "ఏంది అన్నా, గడ్డితోని దండాలు పెట్టించుకుంటున్నవా?" అంది. చిన్నత్త నవ్వి నవ్వి మంచం పట్టె పట్టుకుంది. ఆ రోజు సత్తుపల్లి బస్సు ఆగడమే కాదు, వెనక్కి కూడా వచ్చింది.

చివరికి కొడవళ్ళతోనే కోయించాడు. గేదెలకు పండగైంది. వాకిట్లో మాత్రం వరి కోసిన మడిలా మోళ్ళు మిగిలాయి. చిన్నత్త నాయనమ్మ భుజం పట్టుకుని మెట్టు దిగి, ఒక పాదం ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"గుచ్చుకుంటున్నాయి నాన్నా" అంది. అంతలోనే ఆయన మొహం చూసి, "ఏం కాదులే, కాస్త మెత్తబడ్డాక నడుస్తాగా" అని ఆయన్నే ఓదార్చింది.

ఆ మర్నాటి నుంచి తాతయ్య వేరే మనిషైపోయాడు. మిరప తోటకు పురుగు పట్టిందని కబురొస్తే వినబడనట్టే ఉండేవాడు. మంచు ఆరగానే మిషను తీసేవాడు. ముందు తాడు కట్టి నా నడుముకు చుట్టి నన్ను ఎద్దును చేశాడు. నేను లాగేవాణ్ణి, ఆయన వెనక నుంచి తోసేవాడు. మలుపు దగ్గర అలవాటు కొద్దీ "హై, హై" అని అదిలించేవాడు. "అల్లుడూ, ఎద్దుకు ఉలవలు నానబెట్టమంటావా?" అని వసారాలోంచి చిన్నత్త అరిచేది. కోయడం అయ్యాక తాతయ్య వంగి అరచేత్తో గడ్డిని నిమిరి చూసేవాడు. కాయలు కాసిన ఆ చేతికి ఏమీ తెలిసేది కాదేమో, మోకాళ్ళ మీద కూర్చుని చెంప ఆనించి చూసేవాడు. మోళ్ళ పక్క నుంచి కొత్త చిగురు వచ్చింది. కోసిన కొద్దీ సన్నగా, దట్టంగా అల్లుకుంది.

ఒక పొద్దున చిన్నత్త మెట్టు దిగి వచ్చింది. నాయనమ్మ భుజం వదిలింది. ఈ మూల నుంచి మందార చెట్టు దాకా, నెమ్మదిగా, ఒక్కతే నడిచింది. తాతయ్య మిషను పిడి మీద చేతులు వేసి అలాగే నిలబడిపోయాడు. ఇక్కడ మాత్రం పెంచడం నాకు చేతకాదు.

ఆ తర్వాత జ్వరం తిరగబెట్టింది. జీపు కిరాయికి మాట్లాడి ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్ళారు. అదే జీపులో తీసుకొచ్చారు. బయట పోయిన మనిషిని గడప దాటించకూడదని మా వైపు పట్టింపు. అందుకని ఆమెను ఇంట్లోకి తీసుకెళ్ళలేదు. వాకిట్లో, ఆ గరిక మీదే పడుకోబెట్టారు. ఊరంతా వచ్చి చుట్టూ నిలబడింది. నన్నెవరో ఎత్తుకుని పక్కింట్లో దింపారు.

కర్మలు అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక పొద్దున వాకిట్లో మిషను చప్పుడు వినబడింది. బయటికి వచ్చి చూస్తే తాతయ్య గడ్డి కోస్తున్నాడు. "ఇంకెందుకు నాన్నా" అని మా నాన్న పిడి పట్టుకోబోయాడు. తాతయ్య విదిలించుకోలేదు, ఆగలేదు. ఏం చేయాలో తెలియక నేను అలవాటు ప్రకారం తాడు నడుముకు చుట్టుకుని ముందు నిలబడ్డాను. ఆ రోజు మలుపుల దగ్గర అదిలింపు లేదు.

మొత్తం కోయడం అయ్యాక నా తాడు విప్పి, చెప్పులు తీసేసి నడవమన్నాడు. నడిచాను. ఆయన నా పక్కనే వంగి నా పాదాలనే చూస్తూ వచ్చాడు.

"మెత్తగా ఉందిరా?"

"మెత్తగా ఉంది తాతయ్యా."

"గుచ్చుకోవడం లేదుగా?"

"లేదు."

నాలుగడుగులు వేస్తే మళ్ళీ అదే అడిగాడు. వాకిలంతా అలాగే నడిపించాడు. మందార చెట్టు దాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి మెట్టు మీద కూలబడి ఉన్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని, నాతో కాదన్నట్టుగా అన్నాడు: "పంట అనుకున్నాన్రా. పండిందాకా ఆగాను."

అంతకు మించి ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. ఆ రోజు నుంచి నాకు ఆగడం రాదు. ఎవరైనా దవాఖానాలో ఉన్నారని ఫోనొస్తే, ఆదివారం చూసుకుని పళ్ళు కొనుక్కుని వెళ్దామని అనుకోను, ఉన్న చొక్కాతోనే బస్సెక్కుతాను. మంచి మాట తోస్తే దాన్ని ఇంకా బాగా అనడానికి దాచి పెట్టను, నోట్లో సగం ఉండగానే అనేస్తాను. మా ఇంట్లో కూర ఉడకక ముందే వడ్డిస్తానని పేరు. పచ్చిగా ఉన్నా సరే, తినే మనిషి ఎదురుగా ఉన్నప్పుడే పెట్టేయాలి. అది నాకు మా తాతయ్య ఇచ్చిపోయిన తొందర.

ఇక తీసేయాల్సిన ముక్క చెబుతాను. ఏనుగుల్ని ఉంచుకోండి, జరిగిన గోదావరిని ఉంచుకోండి, వెనక్కి వచ్చిన బస్సును కూడా ఉంచుకోండి. వాటితో ఎవరికీ నష్టం లేదు. తీసేయాల్సింది చిన్నత్త నడిచిన ఆ పొద్దున. శ్రద్ధగా విన్నవాళ్ళకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది, కూతురు నడిచి చూసిన గడ్డి మీద మళ్ళీ మనవణ్ణి నడిపించి మెత్తగా ఉందా అని ఎందుకు అడుగుతాడని. ఆమె నడవలేదు. గడ్డి మెత్తబడేసరికి ఆమె ఖమ్మంలో ఉంది. ఈ కథ ఎవరికి చెప్పినా అక్కడికి వచ్చేసరికి నేను ఆమెను మెట్టు దింపకుండా ఉండలేకపోయాను. నిజానికి ఆ రోజు వెనక్కి తీసుకున్న పాదాన్ని ఆమె మళ్ళీ ఆనించనే లేదు. ఆ గరిక మీద పడుకోబెట్టినప్పుడు కూడా, కింద చాప వేశారు.