గేటు దగ్గర మామ ఫొటో

మాది వికారాబాద్. డిప్లొమా అయ్యాక తాండూరు వైపు ఓ ఫ్యాక్టరీలో ట్రైనీగా ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు సర్టిఫికెట్లు, ఆధార్, సేఫ్టీ బూట్లు అన్నీ సరిచూసుకుని మా మామ మల్లేశం బండెక్కాను. ఆయన ఒకప్పుడు అక్కడే పనిచేశాడు. మోకాళ్ల నొప్పులతో మానేశానని చెప్పేవాడు. మామ ఫ్యాక్టరీకి ముందున్న మలుపు దగ్గరే ఆపబోతే, గేటు దాకా పోనిమ్మన్నాను.

సెక్యూరిటీ గది గోడకు, లోపలికి రానివ్వకూడని వాళ్ల ఫొటోలు అంటించి ఉన్నాయి. వాటిలో మామ ఉన్నాడు.

"ఏం మల్లేశం, మళ్ల వచ్చినవ్? మిషన్ల చెయ్యి పోయినోని దిక్కు సాక్ష్యం చెప్పిననాడే నీ పని ఖతమైంది గదా," అన్నాడు గార్డు. తర్వాత నన్ను చూసి, "తమ్మీ, ఈయన నీకేమైతడు?" అని అడిగాడు.

మామే అందుకుని, "ఏం గాను. తొవ్వల లిఫ్టడిగితే ఎక్కించుకున్న," అన్నాడు.

తల ఊపితే చాలు, ఉద్యోగం నిలుస్తుంది.

"మా మామ," అన్నాను.

గార్డు పాసు నా చేతిలో పెట్టాడు.

"నాకు జర చెవుడు. ఏం ఇనవడలే. లోపలికి పో," అన్నాడు.

సాయంత్రం మామ బాగా తిట్టాడు. ఆ ఫొటో ఇంకా గోడ మీదే ఉంది. దాన్ని తీయించే స్థాయి నాకు లేదు. మామ ఇప్పటికీ మలుపు దగ్గరే బండి ఆపుతాడు. నేను మాత్రం రోజూ గేటు దాకా రమ్మనే అంటాను.