నాయనకు ముక్కునైన రోజులు

తార్నాకలో మేముండే అపార్ట్‌మెంటు ఎదురుగా ఒక మొక్కల అంగడి ఉంది. ఎండలు ముదరగానే ఆ అంగడివాళ్లు కుండీల చుట్టూ గోనెసంచులు చుట్టి, పొద్దునా సాయంత్రమూ వాటిని తడుపుతుంటారు. పాలప్యాకెట్ల కోసం కిందికి దిగినప్పుడు ఆ తడి గోనె వాసన తగిలిందంటే చాలు, నా అడుగు అక్కడే ఆగిపోతుంది. అరవై ఏళ్లు దాటిన మనిషిని, కూతురి కూతురు బడికి పోతున్నదాన్ని, ఉన్నపళంగా తొమ్మిదేళ్ల పిల్లనైపోయి, కిటికీ లేని ఒక గదిలో, కళ్లకు గుడ్డ కట్టించుకుని, బయట పిల్లల కేకలు వింటూ కూర్చుని ఉంటాను.

మాది కడప జిల్లా. నాయన ఇక్కడ హైదరాబాదులో, యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. అందుకని కాంపస్‌లో, తార్నాక వైపు, మందపాటి రాతిగోడల క్వార్టరొకటి మాకిచ్చారు. ఆ రోజుల్లో మల్కాజ్‌గిరి దాటి కొంచెం దూరం పోతే చాలు, పందిళ్ల మీద ద్రాక్షతోటలు కనిపించేవి. పచ్చటి గుత్తులు తలకు తగులుతుంటే వంగి నడవాల్సి వచ్చేది. నాయన చదువంతా ఆ తీగలకు పట్టే బూజు తెగులు మీదే. ఆ చదువు కోసమే ఆయన రెండేళ్లు ఫ్రాన్సులో, బోర్డో దగ్గర ఉండి వచ్చాడు. మన రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి తోటలకు కొట్టే మందుకు ఆ ఊరి పేరే ఉందని, అసలది పుట్టింది అక్కడేనని మాకు గొప్పగా చెప్పేవాడు.

వచ్చేటప్పుడు ఆయన పెట్టెలో, ఉన్ని కోట్ల మధ్య చుట్టుకుని, రెండు సీసాల ఎర్ర వైను వచ్చింది. అక్కడ ఆయనకు చదువు చెప్పిన పెద్దాయన తన సొంత తోటలో పండిన ద్రాక్షతో చేసి ఇచ్చినవవి. చీకట్లో, చల్లటి చోట, పడుకోబెట్టి ఉంచమని, ఇంకా కొన్నేళ్లు పోతేగాని అది తాగేందుకు రాదని, తాను ఎప్పటికైనా ఇండియాకు వస్తానని, అప్పుడు ఇద్దరూ కలిసి మూత తీద్దామని ఆయన చెప్పాడట. నాయనకు ముక్కు చాలా వాడి అని, తన శిష్యుల్లో ఇంకెవరికీ అంతటి ముక్కు లేదని ఆ పెద్దాయన అనేవాడట. అది నిజమే కావచ్చు. నాయన గేటు దగ్గర సైకిలు దిగుతూనే లోపల పొయ్యి మీద ఉన్నది కందిపప్పో పెసరపప్పో, తిరగమాతలో ఇంగువ పడిందో లేదో చెప్పేవాడు.

సారాయి పేరెత్తితేనే చెవులు మూసుకునే ఇంట్లో పుట్టింది మా అమ్మ. ఆ సీసాలను చూసి ఆమె ముఖం మాడ్చుకుంది. పక్క క్వార్టర్లవాళ్లకు తెలిస్తే లెక్చరరుగారు తాగుతారని అనుకోరా అన్నది ఆమె బాధ. అందుకే అవి ఇంటి వెనక సామాన్ల గదిలోకి చేరాయి. ఉత్తరం వైపు గది, కిటికీ లేదు, ఉన్న ఒక్క తలుపూ ఎప్పుడూ మూసే ఉండేది. నాయన ఒక చెక్కపెట్టెలో ఇసుక పోసి, సీసాలను అందులో పడుకోబెట్టి, పైన తడి గోనెలు కప్పాడు. గోడకు లేబరేటరీ నుంచి తెచ్చిన థర్మామీటరు తగిలించాడు. బియ్యం బస్తా, చెనిక్కాయల మూట, ఊరగాయ జాడీలు అన్నీ అక్కడినుంచి వంటింట్లోకి తరలిపోయాయి. ఘాటు వాసనలు ఆ పక్కకు పోకూడదన్నాడు.

ఆయన ఫ్రాన్సు నుంచి వచ్చిన ఏడాదే చలికాలంలో మంచం దిగనీయని జ్వరమొకటి పట్టింది. జ్వరం తగ్గింది, ఒళ్లు కోలుకుంది, కాలేజీకి పోవడం మొదలుపెట్టాడు. కానీ వాసన తిరిగి రాలేదు. మొదట జలుబనుకున్నాడు. డాక్టరు నెమ్మదిగా వస్తుందన్నాడు. రాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుండగా నన్ను సామాన్ల గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, నా చేతిలో ఒక జాజికాయ పెట్టి వాసన చూడమన్నాడు. ఘాటుగా, తియ్యగా ఉందన్నాను. దాన్ని తాను తీసుకుని, కళ్లు మూసుకుని, ముక్కుకు ఆనించుకుని చాలాసేపు ఉండిపోయాడు.

"నాకు ఏమీ తెలీడంల్యా పాపా. రాయి వాసన చూసినట్ల ఉండాది. ఎవురికీ చెప్పొద్దు. అమ్మకు గూడ."

ఆ మాటతో నా మీద తలుపు పడింది. అంతకుముందే డిపార్ట్‌మెంటులో ఆయన ఒక ప్రయత్నం మొదలుపెట్టి ఉన్నాడు, మన ద్రాక్షతో మంచి వైను చేయవచ్చునా అని. ముక్కు లేని మనిషికి ఆ పని ఎవరూ అప్పగించరు. అందుకని ఆయన తన ముక్కుగా నన్ను తయారుచేయాలనుకున్నాడు. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం భోజనాలయ్యాక నాకు పాఠం. అమ్మతో లెక్కలు చెప్తున్నానని అనేవాడు. చేతిగుడ్డ కళ్లకు కట్టి, చిన్న చిన్న గిన్నెలు ఒక్కొక్కటే నా ముందు పెట్టేవాడు. నేరేడుపళ్లు, లవంగాలు, ఎండు పొగాకు, పాత చెప్పుల తోలు, తుప్పు పట్టిన మేకు, పెన్సిలు చెక్కిన పొట్టు, నీళ్లు చిలకరించిన మట్టి, వానాకాలంలో కాంపస్ చెట్ల కింద మొలిచే పుట్టగొడుగులు. ఒక్కొక్కదాని పేరు చెప్పడం చాలదు. అది ముందు ఎట్లా వచ్చింది, తర్వాత ఏమైంది, పోతూ పోతూ ఏం మిగిల్చింది, అన్నీ చెప్పాలి. ఆ ఫ్రాన్సు పెద్దాయన ఇంటి కింద, భూమిలో తవ్విన గదిలో, పీపాల మధ్య నిలబడితే ఎట్లా ఉండేదో చెప్పి, దానికి దగ్గరగా మన దగ్గర ఏముందో వెతకమనేవాడు. మంచి వైను తెరిస్తే నేరేడు, పెన్సిలు పొట్టు, పొగాకు, తొలివాన మట్టి, ఈ వరుసలో రావాలని నాకు ఎక్కాల్లాగా వల్లె వేయించాడు.

బయట మాత్రం లోకమంతా నడుస్తూనే ఉండేది. హాస్టలు కుర్రవాళ్ల సైకిలు గంటలు, మల్కాజ్‌గిరి స్టేషను వైపు నుంచి రైలు కూత, చింతచెట్టు కింద ఏడు పెంకులాట ఆడేవాళ్ల అరుపులు. సీతాఫలాల కాలంలో పిల్లలంతా కాంపస్ బండల మీదికి ఎగబాకి, కళ్లు విప్పిన కాయలు తెంపి, ఇంట్లో బియ్యంలో మాగేసేవాళ్లు. బతుకమ్మ దినాల్లో తంగేడు, గునుగు పూలకు బయల్దేరేవాళ్లు. మా పెరటి గోడ అవతలి బస్తీలో ఉండే సరోజన నా ఈడుదే. వాళ్ల నాన్న గోల్నాకలో పాల వ్యాపారం చేసేవాడు. సద్దుల బతుకమ్మ నాడు వాళ్లింట్లో రొట్టె, బెల్లం కలిపి నలిపి చేసే మలీద కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. పూలకు పోయే ఆదివారం అది మా పెరటి గోడ మీదికెక్కి పిలిచింది.

"గా చీకట్ల ఏం జేస్తున్నవే? రా, అందరు పోతున్నరు."

నాయన నా భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. నేను తర్వాతి గిన్నె అందుకున్నాను. లెక్కలు చేస్తున్నానని తర్వాత చెప్పాను. ఇన్ని లెక్కలు చేసీ బళ్లో నీకు మార్కులెందుకు రావని అది అడిగింది.

ఇంకో కష్టం ఎవరూ ఊహించనిది. నేర్చుకున్న ముక్కు ఆదివారం సాయంత్రానికి మూతపడదు కదా. బస్సులో పక్కన నిలబడ్డవాళ్ల చెమట, నూనె, వాళ్లు పొద్దున తిన్నది, బళ్లో టీచరు చీరలోని కలరా ఉండలు, అన్నీ నా మీదికి వచ్చిపడేవి. ఎవరింట్లోనైనా అన్నం ముందు కూర్చుంటే నూనె ఎన్నిసార్లు కాగిందో తెలిసిపోయి ముద్ద దిగేది కాదు. నాయనకు లోకం మూసుకుపోయింది, నాకేమో మూసుకునే దారి లేకుండా తెరుచుకుంది. ఇద్దరం ఒకరికొకరం కట్టుబడిపోయాం.

రెండో వేసవిలో కాంపస్‌లో నీళ్లకు కటకట వచ్చింది. కొళాయిలో సన్నటి ధార, అదీ తెల్లవారుజామున కాసేపు. థర్మామీటరు రోజురోజుకూ పైకే పోతుంటే నాయన తన స్నానం నీళ్లు మానుకుని ఆ బకెట్టు గోనెల మీద పోసేవాడు. ఒకనాడు తాగే నీళ్ల బిందె మీదికి చెయ్యి పోయింది. అమ్మ అడ్డంగా నిలబడింది.

"ఇంట్లో తాగేదానికి నీళ్లు ల్యావు. మీ సీసాలకు స్నానాలా?"

నాయన బిందె దించేశాడు. ఆ వారం గోనెలు ఎండి కరకరలాడాయి. గదిలోకి పోతే పొయ్యి పక్కన నిలబడినట్టుండేది. ఒక సీసా మెడ దగ్గర జిగటగా ఏదో కారి ఉండడం, బిరడా కాస్త పైకి లేచి ఉండడం నేనే చూసి నాయనకు చెప్పాను. వేలితో తుడిచి, అలవాటు చొప్పున ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ తెలియక, అదేం కాదులే అన్నాడు.

ఆ చలికాలమే పెద్దాయన వచ్చాడు. ఢిల్లీలో ఏదో సభకు వచ్చి, శిష్యుణ్ని చూడాలని హైదరాబాదు దాకా ప్రయాణం పెట్టుకున్నాడు. ఆదివారం మా ఇంట్లో భోజనం. నాయన కోఠీ అంతా వెతికి కాళ్లున్న గాజు గ్లాసులు కొన్నాడు. లోపలి మడ్డి అడుగుకు దిగడానికి సీసాను ముందే నిలబెట్టాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటానని, తెలుగులో చెప్తే ఆయనకు అర్థం కాదు గనుక నేను చెప్పినదాన్ని తాను ఇంగ్లీషులో తనదిగా చెప్తానని అన్నాడు. ఆ రాత్రి ఆయన సరిగా నిద్రపోలేదు, నేనూ పోలేదు.

పెద్దాయన తెల్లటి మీసాలతో, మన చలికాలానికే చెమటలు కక్కుతూ వచ్చాడు. అమ్మకు చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. నాయన బిరడా తీశాడు. అది సగం పొడిపొడిగా రాలింది. వైను ఇటుక రంగులో ఉంది. మొదటి గ్లాసు ఆయనకిచ్చి, రెండోది తాను ఒకసారి తిప్పి, ఏదో సరదాకు ఇచ్చినట్టు నాకందించాడు. వాసన చూసి, వేలికొస ముంచి నాలుకకు తాకించుకున్నాను.

"చెప్పు పాపా."

నేరేడు లేదు. పెన్సిలు పొట్టు లేదు. నేను ఎన్నో ఆదివారాలు ఎదురుచూసిన తొలివాన మట్టి అసలే లేదు. ఆయన ముఖం చూస్తే ఉందని చెప్పేయాలనిపించింది. చెప్తే ఇంకో సీసా ఉంటుంది, ఆ గది ఉంటుంది, కళ్లకు గుడ్డా ఉంటుంది. అయినా నేను అదంతా ఆలోచించి చెప్పలేదు. ముక్కుకు తగిలిందే నోట్లోంచి వచ్చింది, అట్లాగే అలవాటు చేశాడు మరి.

"చెడిపోయింది నాయనా. ఎండకు ఉడికిపోయింది. బెల్లప్పాకం అడుగంటినట్ల ఉండాది. ఎనక పులుపు కుడతాంది."

అప్పటికే పెద్దాయన ఒక గుక్క మింగి, చాలా బాగుందని, భద్రంగా ఉంచావని ఇంగ్లీషులో మెచ్చుకుంటున్నాడు. నీకేం తెలుస్తోందో చెప్పమని నాయనను అడిగాడు. నాయన నా చేతిలోని గ్లాసు తీసుకున్నాడు. ఆ ఎక్కం ఆయనకూ కంఠతా వచ్చు. మొదలుపెట్టాడు కూడా, నేరేడుపండు లాంటి వాసన అని. అక్కడ ఆగి నా వైపు చూశాడు. గ్లాసు కింద పెట్టి, ఇది పాడైపోయిందని తన కూతురు చెప్తోందని, తనకేమీ తెలియదని, జ్వరం వచ్చినప్పటి నుంచి తనకు ఏ వాసనా తగలడం లేదని, ఆయన ఇచ్చినదాన్ని కాపాడలేకపోయానని ఒక్కొక్క మాటే చెప్పాడు.

పెద్దాయన తన గ్లాసు కూడా పక్కకు జరిపాడు. మొదటి గుక్కలోనే తనకూ తెలిసిందని, చెప్పడానికి మనసు రాలేదని తర్వాత ఒప్పుకున్నాడు. కుర్చీ నా వైపు తిప్పుకుని, ఏమేం తెలిసిందో అన్నీ చెప్పమన్నాడు. నేను చెప్తుంటే నాయన ఇంగ్లీషులోకి మార్చాడు, ఆయన ఒక్కొక్కదానికీ తల ఊపాడు. అంతా అయ్యాక నాయన చెయ్యి పట్టుకుని, వదలకుండా కూర్చున్నాడు.

వంటింటి గడప దగ్గర ఓళిగల తట్ట పట్టుకుని నిలబడి ఉంది అమ్మ. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా ఏం జరిగిందో ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది.

"నాకు తెలుసు లే. పప్పు మాడినా మీరు మాట్లాడకుండా తిన్న దినమే తెలుసు."

కారం, పులుపు నాలుకకు తెలుస్తాయి గనుక ఆనాటి నుంచి కూరల్లో అవి కాస్త ఎక్కువ వేస్తున్నానని, నమిలితే చప్పుడయ్యేది ఏదో ఒకటి రోజూ కంచంలో పెడుతున్నానని చెప్పి, అందరికీ ఓళిగలు వడ్డించి, నెయ్యి పోసింది.

రెండో సీసాను అమ్మ తూములో ఒంపేసి, కడిగి, అందులో నువ్వులనూనె పోసుకుంది. బియ్యం బస్తా మళ్లీ గదిలోకి వచ్చింది. ఆ వైను ప్రయత్నం తనవల్ల కాదని నాయన డిపార్ట్‌మెంటులో చెప్పేసి, తన బూజు తెగుళ్ల దగ్గరికి తిరిగిపోయాడు. నేను ఆదివారం చింతచెట్టు కిందికి పోయాను. కానీ ఆట మధ్యలో పెంకు పేర్చడం మరచి, గాలి మోసుకొచ్చే వాసనలను విడదీస్తూ నిలబడిపోయేదాన్ని, బంతి వచ్చి వీపుకు తగిలేది. ఇంట్లో అన్నాలప్పుడు నాయన ఇప్పుడు దాచుకోకుండా అందరి ముందే అడిగేవాడు, పులుసు ఎట్లుందని. నేను చెప్తేనే కలుపుకునేవాడు. నాకు పెళ్లయి కాచిగూడలో కాపురం పెట్టాక కూడా, పుట్టింటికి వస్తే ముందు నన్ను వంటింట్లోకే పంపేవాడు.

ఆ వరస క్వార్టర్లు ఇప్పుడు లేవు. అక్కడ గాజుకిటికీల కట్టడం ఒకటి లేచింది. సీతాఫలాల బండలు చాలావరకు పగిలి కంకరైపోయాయి. ద్రాక్షపందిళ్లు ఉన్నచోట కాలనీలు, వాటి మధ్య ఫంక్షన్ హాళ్లు. సరోజన వాళ్ల ఇల్లు ఎక్కడుండేదో నేను సరిగా చూపించలేను. నాయన పోయాడు, అమ్మ ఆయన వెనకే పోయింది. నా ముక్కు మాత్రం ఏమీ మొద్దుబారలేదు. ఇప్పటికీ పొయ్యి మీద గిన్నె మూత తీయగానే లోపలినుంచి మాట తయారై వస్తుంది, మెంతులు ఇంకొంచెం వేగాల నాయనా అని. పెదవుల దాకా వచ్చి, వినే మనిషి లేక, అక్కడే ఉండిపోతుంది.