వీరేశం బండ కోసం కెరమెరి దాకా

మా వంటగది గోడకు వీరేశం ఫోటో వేలాడుతోంది. అంటే వాడి మొహం కాదు, వాడు తీసిన ఫోటో. ఒక నల్లబండ, దాన్ని కరిచిపట్టుకుని పెరిగిన తెల్లటి తపసి చెట్టు, వంగిన కొమ్మకు రాలడానికి సిద్ధంగా ఉన్న కాసిని ఆకులు. కరీంనగర్ బట్టల షావుకారు ఒకాయన దాన్ని క్యాలెండర్ వేయించి ఊరూరా పంచాడు. మంగలి దుకాణంలో అదే, చాయ్ హోటల్లో అదే, హుజూరాబాద్‌లో మా అత్తగారింట్లోనూ అదే. చివరికి మా ఆవిడే ఒకటి తెచ్చి పొయ్యికి ఎదురుగా తగిలించింది. వీరేశమూ నేనూ ఒకే ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నాం, మా స్టూడియోలు కూడా ఎదురెదురే. వచ్చే క్యాలెండర్‌కూ బండా చెట్టూ ఫోటోనే కావాలనీ, మా ఇద్దరిలో ఎవరిది బాగుంటే వాళ్లది వేస్తాననీ షావుకారు అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సహించలేదు.

వేములవాడలో శివరాత్రి మొక్కులవాళ్ల ఫోటోలు తీయడం అయిపోగానే కరీంనగర్ వచ్చి స్టూడియోకు తాళం వేసి, పొద్దున ఆరింటి పెద్దపల్లి బస్సెక్కాను. కెమెరా పెట్టె ఒళ్లో, మూడుకాళ్ల స్టాండు సీటు కింద. అది పక్కనున్న ముసలమ్మ కాలికి తగిలింది.

"గిదేంది కొడుకా, పందిరి గుంజలా?"

"ఫోటో తీసే స్టాండవ్వా. రాళ్లను, చెట్లను తీసెటందుకు పోతున్న."

"మనుషులు దొర్కలేదా బిడ్డా?" అని ఆమె జాలిగా చూసింది.

పెద్దపల్లిలో రైలు ఆలస్యంగా వచ్చింది. ఈలోగా కట్టుకొచ్చిన జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు తినేశాను. రైల్లో ఎదుట కూర్చున్న బొగ్గుబాయి గుమాస్తా నాది కరీంనగర్ అని తెలియగానే ముందుకు వంగాడు. "తెల్లచెట్టు క్యాలెండరాయన మీకు ఎరికేనా సార్? మా ఇంట్ల ఉంది. ఏం తీసిండు!" గోదావరి వంతెన వచ్చేదాకా అదే పొగడ్త. ఎరుకే అని చెప్పి కిటికీ వైపు తిరిగాను.

సాయంత్రం ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగి ఊరు చేరి, సరాయిలో పడుకున్నాను. తెల్లారి, వీరేశం ఆ ఫోటో తీసిన కెరమెరి అడవి వైపు పోయే కలప లారీ దొరికింది. చోటు వెతుక్కునే పని లేకుండా పోయింది. పోయినేడు వీరేశాన్ని ఎక్కించుకున్నదీ ఆ డ్రైవరేనట.

"దిగు దాదా, గదే ఆ సారు బండ," అన్నాడు.

రోడ్డు మీదినుంచి చూస్తే గుట్ట, ఆకాశం, అడవి అన్నీ కనబడుతున్నాయి. చెట్టు మాత్రం పుల్లలా ఉంది. దగ్గరికి జరిగి బొమ్మలోంచి ఆకాశాన్ని తీసేశాను. ఇంకా జరిగి గుట్టను, సగం చెట్టును కూడా తీసేశాను. ఒక్కొక్కటి పోయేకొద్దీ బొమ్మ బాగుపడింది. నల్లగుడ్డ కింద దూరి గాజుపలక మీద తలకిందుల బండను చూస్తూ, వీరేశం స్టాండు ఎక్కడ పెట్టి ఉంటాడో లెక్క కట్టి సరిగ్గా అక్కడే నాదీ పెట్టాను. క్యాలెండర్ బొమ్మే ఉన్నదున్నట్టు కనబడింది, ఒక్కటి తప్ప. బండ పైనుంచి కిందికి పెద్ద నెర్రె ఉంది. చెట్టు వేళ్లు అందులోకే దిగాయి. క్యాలెండర్‌లో ఆ నెర్రె లేదు!

పెళ్లిఫోటోల్లో మామగారి ముడతలు, పెళ్లికూతురి స్ఫోటకం మచ్చలు నెగటివ్ మీద పెన్సిల్‌తో పూడ్చేయడం మా అందరి పని. వీడు బండకు కూడా పూడ్చేశాడన్నమాట. అడవిలో ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. స్టాండు పక్కకు జరిపి నెర్రెను నడుమకు తెచ్చుకున్నాను. ఏటవాలు ఎండ కోసం పొద్దు వాలేదాకా ఆగి, గాలి నిలిచి ఆకులు కదలడం మానగానే నెగటివ్ ప్లేటు మీద ఫోటో తీశాను.

మర్నాడు మంచిర్యాలలో పోశం స్టూడియోకు పోయాను. పైఊరి ఫోటోగ్రాఫర్ వస్తే చీకటిగది ఇచ్చి చాయ్ తాగించడం మా వృత్తిలో మర్యాద. ప్లేటు కడిగి ఆరబెట్టాక, ఒక దుమ్ముచుక్క కనిపించి, దాన్ని పూడ్చేందుకు టచింగ్ బల్ల ముందు కూర్చున్నాను. పెన్సిల్ చేతిలో, వీరేశం నోట్లో. వాడు బండకు చేసిన మొహం సింగారం గురించి పోశానికి కడుపారా చెప్పాను. తర్వాత పోశం నా ప్లేటుతో లోపలికి పోయి ప్రింటు తీసి తెచ్చాడు.

"గిది మా గోడ మీదున్న క్యాలెండరే గదనే?"

నెర్రె లేదు. మాటల్లో పడి నా చెయ్యే దాన్ని నున్నగా పూడ్చేసింది. పోశం పడీపడీ నవ్వాడు. టర్పెంటైన్‌తో తుడిస్తే పెన్సిల్ పోతుంది. కాని వాడి సీసా ఖాళీ, నా రైలుకు వేళయింది.

పెద్దపల్లిలో దిగేసరికి ఎదుటి ప్లాట్‌ఫారం మీద వీరేశం నిలబడి ఉన్నాడు, పెట్టెతో, స్టాండుతో.

"ఏడికెల్లి వస్తున్నవ్ రాజన్నా?"

"మంచిర్యాలల పెండ్లి ఉండె," అని అబద్ధమాడాను.

"నేను కెరమెరి పోతున్న. ఆ బండకు నెర్రె ఉండెనే. అలవాటుల నేనే చెరిపేసిన. అందరు మెచ్చుకుంటుంటే సిగ్గయితుంది. ఈసారి నెర్రెతోటే తీస్త."

నేను ఒక్కణ్ణే కనిపెట్టాననుకున్న తప్పు వాడికి ఏడాదిగా తెలుసు. ఇన్నాళ్లూ వాడి ఫోటో చూసి ఏడ్చాను, ఇప్పుడు వాడి సిగ్గును చూసి కూడా ఏడవాల్సి వచ్చింది. వాడు మురుకులు పెడితే తిన్నాను. రైలు రాగానే స్టాండు అందించాను కూడా.

కరీంనగర్ బస్సులో ప్లేటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికి పోగానే పెన్సిల్ తుడిచేస్తాను, నెర్రె నాదే ముందు. అయినా వాడు నాకంటే ఇంకొంచెం దగ్గరగా నిలబడతాడని నాకు తెలుసు. కెరమెరి పోదలచినవాళ్లు శివరాత్రి వెళ్లగానే పోవాలి. చూడదగ్గ చోటు, అందులో అనుమానం లేదు. ఒక్క గట్టి గాలి వీస్తే మాత్రం ఆ ఆకులు ఉండవు. వీరేశం అక్కడికి చేరకముందే, ఈ రాత్రే ఆ గాలి రావాలని దారంతా మొక్కుతూనే ఉన్నాను. సుల్తానాబాద్‌లో బస్సు ఆగితే దిగి చూశాను. చాయ్ హోటల్ పొగ నిటారుగా పైకి పోతోంది.