ఉత్తరం తలుపు తాళం

పెదనాన్న పోయారని ఆయన కొడుకు, మా అన్నయ్య, ఫోన్ చేసినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పెదనాన్నకీ నాకూ మధ్య తగువు తేలనే లేదు. ఈలోగా తన మాటనే చివరి మాట చేసుకుని ఆయన వెళ్ళిపోయారు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నేను ఉన్నది రాస్తాను.

ఆయనది జగ్గయ్యపేటలో అపరాల హోల్‌సేల్ కొట్టు. గోదాముకి ఉత్తరం వైపు ఒక తలుపు. దాని వెనక మురుక్కాలవ, ఆ కాలవ నిండా పందికొక్కులు. అందుకని ఆ తలుపుకి ఎప్పుడూ తాళమే. తొంభైల్లో నందిగామలో రెండో కొట్టు తెరిచారు. కందుల బస్తాలు అదే వరసలో, కాటా అదే మూల, లక్ష్మీదేవి పటం అదే వైపు గోడకి. ఉత్తరం తలుపుకి తాళం కూడా. ఇక్కడ దాని వెనక కాలవ లేదు. చల్లటి గాలి వచ్చే ఖాళీ స్థలం ఉంది. తాళం మూలంగా పట్టపగలు కూడా బల్బు వెలుగుతుండేది.

నేను నందిగామలో డిగ్రీ చదువుతూ మధ్యాహ్నం కొట్లోనే క్యారియర్ తినేదాన్ని. చెమటకి తట్టుకోలేక ఒకరోజు అడిగేశాను.

"ఈ తలుపుకి తాళమెందుకు పెదనాన్నా?"

"పేటలో వేసే ఉందిగా."

"పేటలో కాలవుంది. ఇక్కడ గాలొస్తుంది."

"గాలి కావాలంటే బైట తిరుగు. ఇది కొట్టు."

అని వెళ్ళి తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకున్నారు. ఆ లాగడం అంటే నాకు అసహ్యం.

తర్వాత నేను పరిశోధనకి హైదరాబాదు వెళ్ళాను. చిట్టెలుకల అండాశయాల మీద పని. ఆ సంగతి పేటలో తెలిసింది. సెలవులకి వచ్చి నందిగామ కొట్టుకి వెళితే గుమ్మంలోనే ఆపేశారు.

"ఏమ్మా, ఎలకలకి పురుళ్ళు పోస్తున్నావంట! మనమేమో తరాల తరబడి వాటిని చంపుకుంటా వస్తున్నాం. ఎలకల్ని సాకిన చెయ్యి గింజ మీద పడటానికి వీల్లేదు. అక్కడే ఉండు."

బేరగాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వుని నేను క్షమించలేదు, ఇప్పుడూ క్షమించను. కోపంతోనే ఆయనకి నా పని వినిపించాను. గుడ్డు చుట్టూ దాన్ని సాకే కణాలుంటాయి. గుడ్డూ ఆ కణాలూ కలిస్తే పుటిక. కణంలో కొన్ని జన్యువులు పనిచేయకుండా వాటిమీద మిథైల్ అనే చిన్న ముద్ర పడి ఉంటుంది.

"అది తాళం లాంటిది పెదనాన్నా. కొత్తగా తాళాలు వేసే ఎంజైములు వేరు. ఒక కణం రెండైనప్పుడు, పాతదాంట్లో ఎక్కడ తాళముందో చూసి కొత్తదాంట్లోనూ అక్కడే వేసేది వేరే ఉంది."

ఆయన మొహం వెలిగింది. "అట్టాంటోడు దొరికితే గల్లా దగ్గర కూర్చోబెడతా."

"అది ఎందుకని అడగదు."

"అడగనోడే కావాలి."

"పుటిక పెరిగి పండేసరికి ఆ ఎంజైము తగ్గిపోయి కొన్ని తాళాలు ఊడతాయేమోనని మా అనుమానం. అవి ఊడితేనే ఆ కణాలు కొత్త పని అందుకుంటాయి."

"తాళాలూడితే కొట్టు దోచుకుపోతారే పిచ్చిదానా!"

లోపలికి వెళ్ళి కందిపప్పు సంచి తెచ్చారు. నా చేతికివ్వలేదు, గుమ్మం మీద పెట్టారు. "తీసుకెళ్ళు. ఎలకలక్కాదు, నీకు."

ఆ తర్వాత నేనెప్పుడు వెళ్ళినా అంతే. నన్ను లోపలికి రానివ్వలేదు, వట్టి చేతులతో పంపనూ లేదు. రాళ్ళు ఏరి, చెరిగి ఉంచిన పప్పు. హాస్టల్లో అది వండుకుని తింటూ ఆయన్ని తిట్టుకునేదాన్ని. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఎంజైము తీరు నాకు పుస్తకాల్లోకంటే ముందు నందిగామ కొట్లోనే అర్థమైంది. అందుకు ఆయనకి రుణపడి ఉన్నాను, ఇష్టం లేకపోయినా.

పెద్దకర్మ అయ్యాక అన్నయ్య నందిగామ కొట్టు తెరుస్తుంటే నేనూ వెళ్ళాను. గుమ్మం దగ్గర అలవాటుగా ఆగిపోయాను.

"లోపలికి రావే. ఇంకెవరున్నారు ఆపటానికి?" అన్నాడు.

వెళ్ళాను. తాళంచెవి అడిగి తీసుకుని, ఉత్తరం తలుపు రెండు చేతులా గుంజి తెరిచాను. గాలికి పొట్టు లేచింది. బస్తాల మీద ఎండ పడింది. అన్నయ్య బల్బు ఆర్పేసి, "అబ్బ, ఎంత హాయిగా ఉందే!" అన్నాడు. గెలిచాననుకున్నాను. పెదనాన్న లేకుండా గెలవడం ఏం గెలుపని అప్పుడు ఏడుపొచ్చింది.

బస్టాండుదాకా వెళ్ళాక, అన్నయ్య కట్టించిన పప్పు సంచి మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. లోపల బల్బు వెలుగుతోంది. అన్నయ్య ఉత్తరం తలుపు దగ్గర నిలబడి తాళాన్ని రెండుసార్లు లాగి చూస్తున్నాడు.

"అదేంటన్నయ్యా, మళ్ళీ వేశావు?"

"పేటలో వేసే ఉందిగా" అన్నాడు, తిరిగి చూడకుండానే.

తర్వాత సంచి తెచ్చి, నేను చెయ్యి చాచి ఉండగానే, వంగి గుమ్మం మీద పెట్టాడు.