స్తెఫాను మీద రాయెత్తిన మనిషి

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బయ్యో దశకం మొదట్లో గోదావరిఖనిలో బొగ్గుబాయి పని నాది. బొమ్మలు కాస్త వేస్తానని, చర్చి గోడ మీద పునీత స్తెఫాను మరణం వెయ్యమన్నారు ఫాదర్. తనను రాళ్లతో కొట్టి చంపుతున్నవాళ్ల కోసమే ప్రార్థిస్తూ పోయిన మనిషి. ఆయన ముఖం ఎంతకీ కుదరలేదు. రాయెత్తిన వాడి ముఖం మాత్రం ఒక్క పూటలో వచ్చేసింది. అది బాయిలో మా పని చూసే సర్దారు యాకోబు కాకది. ఆ పలచటి గడ్డం, కనుబొమ్మ మీది బొగ్గు మచ్చ, అన్నీ దించేశాను. డ్యూటీలో నిద్రపోయానని పైవాళ్లకు నా పేరు రాసిచ్చాడాయన. నిద్రపోయిన మాట నిజమే. అయినా కడుపుమంట.

ఆదివారం పూజకు వచ్చినవాళ్లు గోడనూ ఆయననూ మార్చి మార్చి చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. నాకెంత హాయిగా అనిపించిందో!

అందరూ వెళ్లాక కాక నా దగ్గరికి వచ్చాడు.

"నిజం చెప్పు బిడ్డా. నన్ను జూసే గీసినవా?"

"లేదు కాక. గా ముఖం ఎట్లొచ్చిందో నాకే తెల్వది."

తిడతాడనుకున్నాను. గోడ పక్కన కూలబడ్డాడు.

"అయితే దేవుడే గీయించిండు. బాయిల కప్పు కింద కర్రలు పెట్టకముందే మన కూలి మల్లయ్యను జల్ది లోపలికి పొమ్మని తోలింది నేనే. కప్పు కూలి సచ్చిపోయిండు. నేను వద్దన్నా ఆడే లోపలికి పోయిండని అందరికి చెప్పిన."

అప్పుడు నోరు తెరిస్తే సరిపోయేది కదా? ఎందుకు తెరవలేదు? ఆయన నిజంగా తప్పు చేశాడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ తప్పు ఆయనకూ దేవుడికీ మధ్యది. మధ్యలో నా రంగుల డబ్బా పట్టుకుని దూరడానికి నేనెవరిని?

ఆ తర్వాత కాక పూజలో ఫాదర్ ఇచ్చే సత్ప్రసాదం ఎన్నడూ తీసుకోలేదు. చివరికి దవాఖానలో ఫాదర్ తెస్తే కూడా మొహం తిప్పుకున్నాడు.

"దేవుడు గోడ మీదనే చూపెట్టిండు ఫాదర్. నాకు మాఫీ లేదు."

మంచం పక్కనే ఉన్నాను. నా గుట్టు బయటపడితే నలుగురిలో తలెత్తుకోలేనని భయపడి నోరు మూసుకున్నాను. ఆయన అట్లాగే పోయాడు.

దేవుడు గీయించలేదు. ఆయనను చూసే గీశాను, పగతోనే గీశాను. క్షమించమని అడగడం లేదు, క్షమించాల్సిన మనిషి లేడు. ఇది రాశాక గుండె కొంచెం తేలికైంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.