మందం ప్లాస్టిక్‌లో నా డిప్లొమా

నిన్న పొద్దున తొమ్మిది గంటలు. సన్నగ ముసురు. ఒక కాగితం తడవకుండ నేను ఎన్నడో చేసిన తెలివైన పని నిన్న ఇంటిల్లిపాదిని ఏం చేసిందో చెప్తా.

మీకు తెలుసు గదా, మస్కట్‌లో ఒక దవాఖానాలో నాకు నర్సు ఉద్యోగం ఖాయమైంది. ఆఫర్ లెటర్ వచ్చింది. ఇగ వర్క్ పర్మిట్ రావాలె. దానికి నా నర్సింగ్ డిప్లొమా ఒరిజినల్ వెనక సర్కారు ముద్రలు పడాలె. నలభై దాటినంక వచ్చిన అవకాశం. నాచారం నర్సింగ్ హోంలో ఇంకా ఎన్నేండ్లు "సిస్టర్, జర ఇటు రా" అనిపించుకోవాలె? పోవాలె అంటే పోవాలె.

మా ఆయన, బిడ్డ రూతు, నేను ఉప్పల్‌లో ఆ ముద్రలు వేయించే ఏజెంట్ ఆఫీసుకు పోయినం. డిప్లొమా తీసి బల్ల మీద పెట్టిన. అద్దం లెక్క మెరుస్తున్నది. ఏజెంట్ గోటితో కొట్టి చూసిండు. టక్ అన్నది.

"మేడం, ఇది లామినేషన్ చేయించిన్రు."

"అవును. ఒక్క మరక లేదు సూడండి."

"మరక సంగతి కాదు. ముద్ర ఎక్కడ కొట్టాలె?"

"దాని మీదనే."

"ప్లాస్టిక్ మీద కొడితే నడవదు మేడం. పొర తీసి సాయంత్రం లోపల తెండి. రేపు మా మనిషి అందరి కాగితాలు పట్టుకొని పోతడు. లేదంటే డూప్లికేట్‌కు పెట్టుకోవాలె. నెలలు పడ్తది."

ఆఫర్ అన్ని నెలలు ఆగదు.

రూతు నా దిక్కు చూసింది. ఆ చూపు నాకు ఎరికే. పెండ్లైన కొత్తలో చెంగిచెర్లలో రేకుల ఇంట్లో ఉండేటోళ్లం. ఒక వానకు పెండ్లి ఆల్బం నాని ముద్దైంది. ఆ తెల్లారి సంది చేతికి దొరికిన కాగితానికల్లా లామినేషనే. రేషన్ కార్డు, రూతు ఎల్‌కేజీలో గీసిన ఏనుగు, ఆఖరికి కుక్కర్ వారంటీ.

నేరుగ నాచారంలో లామినేషన్ షాపుకు పోయినం. అప్పుడు వేసింది ఆయనే. ఇప్పుడు జుట్టు నెరిసింది.

"తమ్మీ, దీన్ని తియ్యాలె."

"ఏసుడే ఎరికక్కా, తీసుడు తెల్వదు. నువ్వే గదా, మందందే ఏయి తమ్మీ, మనుమరాండ్ల దాక ఉండాలె అన్నది."

"అన్న."

"ఉంటది మరి."

ఇంటికి వచ్చినం. "పోనీ తియ్, డూప్లికేట్‌కే పెడదాం" అన్నడు మా ఆయన.

"పెట్టం" అన్న.

ముసలోళ్ల పలచటి చర్మం మీద అతుక్కున్న ప్లాస్టర్లు ఎన్ని ఊడదీసిన నేను. వెచ్చగ చెయ్యాలె. చర్మాన్ని ఒత్తి పట్టాలె. పైకి గుంజకుండ, వెనుకకు మడుచుకుంట పోవాలె. కాగితమైనా అంతే గదా. కాని ముందు వేరే దేని మీదన్న చేసి చూడాలె.

బీరువాలోకెళ్లి లామినేషన్ చేసిన కాగితం ఒకటి తీసిన. రూతు హెయిర్ డ్రయ్యర్ పట్టింది. సగం దాక మంచిగనే వచ్చింది. తర్వాత బర్రున చినిగింది.

"అది నా టెన్త్ మెమో గదనే" అన్నడు మా ఆయన.

"నువ్వేమన్న మస్కట్ పోతున్నవా?"

రూతు ముక్కలు దగ్గర పెట్టి చదివింది. "ఫెయిలైన మెమోకు లామినేషన్ ఎందుకు చేయించినవమ్మా?"

"కాగితం కాగితమే."

వేడి చాలలేదని అర్థమైంది. రెండోది ఏనుగు. ఒక చెవి పోగొట్టుకొని బయటపడ్డది. ఈసారి వేడి ఎక్కువైంది. రూతు డ్రయ్యర్ జర దూరం జరిపింది.

అప్పుడు నా డిప్లొమా. లోపల్లోపల ప్రభువును తలుచుకున్న. మా ఆయన కాగితాన్ని అరచేతులతో ఒత్తి పట్టిండు. నేను మూల పట్టి మెల్లగ వెనుకకు మడుచుకుంట పోయిన. వెనక పొర మొత్తం వచ్చింది. ముందు పొర పోతూ పోతూ మూలకున్న పువ్వుల అంచు పట్టుకొని పోయింది. పేరు ఉన్నది. సంతకాలు ఉన్నయి. చాలు.

సాయంత్రానికి వాన పెద్దదైంది. మా ఆయన డిప్లొమాను ఫైల్‌లో పెట్టి అంగీ లోపల దాచుకున్నడు. ఆటోలో మళ్ల ఉప్పల్. ఏజెంట్ తిప్పి తిప్పి చూసిండు. గోటితో కొట్టిండు. చప్పుడు రాలేదు.

"నడుస్తది మేడం" అని రసీదు చేతిలో పెట్టిండు. "ఇది పదిలం. ఇది లేకుంటే డిప్లొమా వాపస్ రాదు."

తడుచుకుంట ఇల్లు చేరినం. గడప కాడ లెక్క పెట్టుకున్న. మా ఆయన వచ్చిండు. బిడ్డ వచ్చింది. నేను వచ్చిన. డిప్లొమా ఒక్కటే బయట ఉన్నది. దాన్ని తెచ్చే రసీదు నా సంచిలో ఉన్నది. అందరం ఉన్నట్టే.

"రసీదు తడిసిందా అమ్మా?" అన్నది రూతు.

"ఎట్ల తడుస్తది?" అని తీసి ఇచ్చిన. అద్దం లెక్క మెరుస్తున్నది.

"ఎప్పుడు చేయించినవ్?"

"మీరు తొవ్వల పాలు కొనేటప్పుడు. లామినేషన్ షాపు పక్కనే ఉండె."

రూతు దాన్ని వెనుకకు తిప్పి చదివింది. "డిప్లొమా వాపస్ తీసుకునేటప్పుడు ఇక్కడ నువ్వు సంతకం పెట్టాల్నట."

మా ఆయన పోయి హెయిర్ డ్రయ్యర్ ప్లగ్గులో పెట్టిండు.